ఫట్‌ఫటికి నీళ్లు పోసిన సుంకమ్మ

ఆదోని పత్తి మార్కెట్టు ఎదురు సందులో బండ్ల స్టాండు ఉండేది. మొలబంటి మట్టిగోడ, లోపల రెండు వేపచెట్లు, ఒక చేదబావి, దాని పక్కన ఎద్దులు తాగడానికి రాతి తొట్లు. గేటు దగ్గర గోనెపట్టా పరుచుకొని, పక్కన కుండ పెట్టుకొని, ఎవరు వచ్చినా ఎగాదిగా చూస్తూ కూర్చునే మనిషే సుంకమ్మ.

ఆ స్టాండులో బండి నిలిపితే మునిసిపాలిటీకి ఆశీలు కట్టాలి. ఆ ఆశీలు వసూలు చేసుకునే హక్కును ఏటేటా వేలం వేస్తారు. పాట పాడుకున్నవాళ్లు మునిసిపాలిటీకి కట్టాల్సింది కట్టేసి, మిగిలిందాంతో బతకాలి. సుంకమ్మ మొగుడు సోమప్ప చాలా ఏళ్లు ఆ పాట పాడాడు. విషజ్వరం వచ్చి ఆయన పోయాక, దినవారాలు కాగానే సుంకమ్మ నెత్తిన కొంగు కప్పుకొని తానే వేలానికి పోయింది. అక్కడున్న మొగవాళ్లు పై పంచెలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు. వాళ్ల వెనక పత్తి బండ్ల రైతులు వచ్చి నిలబడేసరికి ఆ నవ్వులు ఆగిపోయాయి.

రైతులు ఊరికే వచ్చి నిలబడలేదు. పల్లె నుంచి బండి వస్తే సుంకమ్మ ముందు ఎద్దులను పలకరించేది, తరువాతే మనిషిని. కాడి దింపగానే ఎద్దుల కాళ్ల మీద నీళ్లు చల్లేది. ఎండాకాలమైతే బండి చక్రాల మీద కూడా కడవతో పోసేది. ఎండకు చక్రం కొయ్య ఎండి కుంచించుకుపోతే చుట్టూ ఉన్న ఇనుప పట్టా వదులవుతుంది. దారి మధ్యలో పట్టా ఊడిందంటే రైతు కొంప మునిగినట్టే. నీళ్లు తాగిన కొయ్య ఉబ్బి పట్టాను పట్టుకుంటుంది. ఇదంతా చేస్తూనే ఆమె, "మీ సిన్నకోడలికి నెల ఎన్నోదప్పా? మీ సేను పక్కోనితో గట్టు తగాదా తెగిందా?" అని అడిగి సమస్తం తెలుసుకునేది. ఆశీలు సంగతి అన్నిటికంటే చివర వచ్చేది.

సోమప్ప ఒక మాట అంటుండేవాడు. "ఆశీలు సేతిలో పడిందంటే ఆ జీవం మనదే, సుంకీ. అది తిరిగి కాడి కిందికి పోయేదాకా దాని మంచీ సెడ్డా మనమే సూడాల." సుంకమ్మకు చదువు లేదు, శాస్త్రం తెలీదు. ఆమె నడిచిందల్లా ఈ మాట మీదే.

ఉగాది ముందు ఒక పెద్ద గలాటా అయింది. ఎమ్మిగనూరు శెట్టి ఒకాయన, పేరు దామోదరం, పత్తి దలాలి, పటాలం వాళ్లు వేలంలో అమ్మేసిన మోటారు సైకిలును బళ్లారిలో కొనుక్కొచ్చాడు. ఆకుపచ్చ రంగు, అక్కడక్కడా పెచ్చులూడినా మోత మాత్రం ఏమీ తగ్గలేదు. జనం దాన్ని ఫట్‌ఫటి అనేవారు. అప్పట్లో ఆదోని మొత్తం మీద పట్టుమని పది ఫట్‌ఫటీలు లేవు. దామోదరం దాన్ని తీసుకొచ్చి మార్కెట్టు వీధి నడిమధ్యన నిలిపేవాడు. ఒకరోజు దాన్ని స్టార్టు చేసిన మోతకు కైరుప్పల పెద్దయ్య ఎద్దులు బెదిరి బండిని మోరీలోకి లాక్కుపోయాయి. పత్తి కుక్కిన బోరాలు మురుగులో పడ్డాయి. పెద్దయ్య నోరు తెరిచి తిట్టిన తిట్లు రైలు స్టేషనుదాకా వినిపించాయి.

ఆ తరువాత మునిసిపాలిటీ వాళ్లు తప్పెట కొట్టించి చాటించారు. మార్కెట్టు వీధిలో ఇకమీదట మోటారు సైకిళ్లు నిలపరాదు, బండ్ల స్టాండులోనే నిలిపి ఆశీలు కట్టాలి, కాదంటే జుల్మానా.

మొదటి సంతరోజే దామోదరం గేటు దగ్గరికి వచ్చి ఆగాడు. కళ్లకు నల్లద్దాలు, తలకు తువ్వాల, మొహం నిండా దుమ్ము.

"ఏం సుంకమ్మక్కా, నన్ను ఎద్దుల పక్కన కట్టేస్తావంటనే!"

"ఎద్దయితే ఇంత సెప్పించుకోకుండానే వచ్చుండు, నాయనా. మోత ఆపి, దిగి, సేత్తో తోసుకోని రా."

"నేను తోయాల్నా? దలాలి దామోదరం బండి తోసుకుంటా పోతే మార్కెట్టులో నా మాటకు యిలువ ఉంటాదా?"

"నా ఎద్దులు బెదిరితే నా మాటకు యిలువ ఉండదు," అంది సుంకమ్మ.

గేటు దగ్గర ఉడకబెట్టిన సెనక్కాయలు అమ్ముకునే గంగమ్మ పక్కుమని నవ్వింది. దామోదరం గొణుక్కుంటూనే దిగి, పంచె ఎగగట్టి, ఆ ఇనుప దున్నపోతును లోపలికి తోశాడు. వేపచెట్టు కింద నిలిపేసరికి అంగీ తడిసి వీపుకు అంటుకుపోయింది.

"ఆశీలు ఎంతక్కా?"

"జోడెద్దుల బండికి రెండణాలు. నీదానికి ఎద్దులు లేకపోయినా పొగ ఉండాది. రెండణాలే."

"నీడన నిలిపినందుకు రెండణాలా?"

"వొట్టి నీడ కాదు. నీడ, నీళ్లు, కావలి. మా ఆయన నాటి నుంచి ఇదే కట్టు."

దామోదరం బిళ్ల ఆమె చేతిలో పడేసి నవ్వాడు. "అట్లయితే అన్నీ ఇయ్యి తల్లీ! నా రెండణాలు ఊరికే పోకూడదు."

అని తువ్వాల దులుపుకుంటూ మార్కెట్టులోకి పోయాడు. ఆ తువ్వాలతో ఆయనకు పని ఉంది. దలాలీలు కొనేవాని చెయ్యి పట్టుకొని పైన తువ్వాల కప్పి, వేళ్లు నొక్కుతూ ధర తేలుస్తారు. పక్కనున్నవాడు మెడ రిక్కించినా ఒక్క ముక్క అర్థం కాదు. ఆ బేరాల్లో పడితే దామోదరం సాయంత్రందాకా బయటికి రాడు.

సుంకమ్మ బిళ్ల కొంగున ముడేసుకొని ఫట్‌ఫటి చుట్టూ తిరిగింది. అంత దగ్గరగా దాన్ని చూడడం అదే మొదటిసారి. దగ్గరికి పోయేకొద్దీ సెగ కొట్టింది. పొయ్యి మీదినుంచి అప్పుడే దించిన పెనం మాదిరి కాగుతోంది. లోపలెక్కడో టిక్కు టిక్కుమని చప్పుడు.

"అయ్యో, సూడే గంగమ్మా, ఎట్ల కాగుతాందో! ఎమ్మిగనూరు నుంచి యాడా ఆగకుండా తోలుకొచ్చినట్టుండాడు. దించినాక ఒక్క సుక్క నీళ్లన్నా పోసినాడా?"

"అదేం ఎద్దాక్కా, నీళ్లు తాగేకి?"

"బండి సక్రానికి పోయడం లేదా? అదేం ఎద్దా?"

సుంకమ్మ బావిలోంచి చేదుకొచ్చి ముందు రెండు చక్రాల మీద పోసింది. రబ్బరు చక్రాలు మిన్నకున్నాయి. తరువాత నిండు కడవను ఎత్తి, కాగుతున్న ఇనుము మీద ధారగా వదిలింది. కమ్మరి ఎర్రగా కాలిన పట్టాను చక్రానికి తొడిగి నీళ్లు పోస్తే అది బిగుసుకొని గట్టిపడడం ఆమె చిన్ననాటి నుంచి చూస్తున్నదే. కాలిన ఇనుముకు నీళ్లు మంచిదనే ఆమె ఎరుక.

చర్ర్‌మని ఆవిరి వేపకొమ్మల దాకా లేచింది. లోపల ఎక్కడో 'టంగ్' అంది. కట్టేసిన ఎద్దులు చెవులు నిక్కించాయి. గంగమ్మ సెనక్కాయల గంప ఎత్తుకొని రెండు బారలు వెనక్కి దూకింది.

"సంపేసినావక్కా!"

"ఏమయిందే?"

"దాని కడుపులో మంట ఉంటాది గదా! దీపం ఆర్పినట్ల ఆర్పేస్తివి!"

సుంకమ్మ పైకి తేలిగ్గానే తీసుకుంది. "మంట ఆయప్పే ఆపి పోయినాడులే," అంది. కానీ అప్పుడే పత్తి మిల్లులో పనిచేసే ఒకాయన బీడీకి నిప్పు కోసం లోపలికి వచ్చాడు. తడిసి పొగలు కక్కుతున్న ఫట్‌ఫటిని చూసి నోరు వెళ్లబెట్టాడు.

"ఎవరమ్మా నీళ్లు పోసింది? కాగిన ఇంజనుకు సన్నీళ్లు తగిల్తే పగిల్తాది. మొన్న యాదో మిల్లులో అట్లనే పగిలిందంట. పగిలినాక ఇంగ దాన్ని పాత ఇనుము కింద అమ్ముకోవాల్సిందే."

బీడీ ముట్టించుకొని ఆయన తన దారిన పోయాడు. సుంకమ్మ మాత్రం అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది. ఫట్‌ఫటి నడుము కింద, ఇందాక ఆవిరిలో కనబడని చోటును కొంగుతో తుడిచి చూసింది. ఇనుము ఒకచోట కాదు, పైనుంచి కిందిదాకా అడ్డంగా పొరలు పొరలుగా చీలిపోయి ఉంది. చీలికకూ చీలికకూ నడుమ వేలు దూరేంత సందు.

"గంగా! ఒక తావునయితే యాడన్నా అతికిస్తారు. తల నుంచి తోక దాకా పగిలిపోయిందే!"

గంగమ్మ వంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఉల్లిగడ్డ కోసినట్ల ఉండాది గదక్కా!"

సుంకమ్మ భయం వట్టి ఇనుము గురించి కాదు. వచ్చే నెలలో స్టాండు వేలం. ఈ ఏడాది లక్ష్మీనరసయ్య అనే శెట్టి పాటకు వస్తాడని అప్పటికే ఊరంతా అనుకుంటున్నారు. ఆ లక్ష్మీనరసయ్య దామోదరానికి స్వయానా మేనమామ. సుంకమ్మ అజాగ్రత్త వల్ల బండి పాడయిందని దామోదరం ఒక్క మాట ఫిర్యాదు చేస్తే చాలు, ఆమెను పాటకు పిలవను కూడా పిలవరు. ఈ గేటూ ఈ బావీ పోతే ఆమెకు పోయేది కూడొక్కటే కాదు. పొద్దున లేచి పలకరించడానికి ఎద్దూ ఉండదు, మనిషీ ఉండడు.

కొంచెం సేపటికే సంగతి స్టాండంతా పాకింది. వేపచెట్టు నీడన పడుకున్న కైరుప్పల పెద్దయ్య లేచి వచ్చాడు. వాళ్ల ఊళ్లో ఉగాది మరునాడు ఆచారంగా ఆడే పిడకల పోట్లాటలో తగిలిన దెబ్బకు నుదుటి మీద వేసిన పసుపు పట్టు ఇంకా ఊడలేదు.

"నా బోరాలు మురుగులో ముంచిన ముండ ఇదే గదా! బాగయింది. దేవుడుండాడు."

"నీ దేవుడు బాగనే ఉండాడు, నా బతుకు పోతాంది," అంది సుంకమ్మ.

పెద్దయ్య మొహంలో వేడుక తగ్గిపోయింది. గడ్డం గోక్కుంటూ ఫట్‌ఫటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "మిరియాల కసాయం పోస్తేనో? ఎద్దుకు జలుబు సేస్తే అదే పోస్తాము."

"ఏ నోట్లో పోస్తావు మామా?" అంది గంగమ్మ.

"పోనీ, ఇంత గడ్డి మంటేసి కాపుదామా?"

"పెట్రోలు ఉంటాది దాంట్లో! స్టాండుతో పాటు మనం కూడా కాలిపోదాము," అని సుంకమ్మే అడ్డుపడింది. ఆఖరికి, తడి ఆరుతుందని ఆమే పెద్దయ్యా దాన్ని తోసుకుంటూ ఎండలోకి తెచ్చి నిలిపారు. సుంకమ్మ పాతచీర చింపి పొర పొరనా తుడిచింది. తుడుస్తూనే మొక్కుకుంది. "ఉరుకుంద ఈరన్న సామీ, ఈ పగుళ్లు కూడుకునేట్ల సెయ్యి. శ్రావణమాసం నడిచి వచ్చి టెంకాయ కొడతా."

"ఈరన్నకు ఫట్‌ఫటి సంగతి ఏం తెలుసక్కా?"

"తెలుసుకుంటాడులే. నువ్వు నోరు ముయ్యి."

పొద్దున తెచ్చుకున్న జొన్నరొట్టె, సెనక్కాయల పొడి మూట విప్పకుండానే ఉండిపోయాయి. గేటులోకి ఎవరి నీడ పడినా సుంకమ్మ ఉలిక్కిపడేది. ఆ పూట వచ్చిన రైతులను చిన్నకోడలి సంగతి కూడా అడగలేదు. ఏమో పెద్ద ఆపదే అయింటుందని వాళ్లు తమలో తాము గుసగుసలాడుకున్నారు.

పొద్దు వాలుతుండగా దామోదరం వచ్చాడు. బేరాలు బాగా తెగినట్టున్నాయి, ఈల వేసుకుంటున్నాడు. ఎండలో నిలిపిన ఫట్‌ఫటిని చూసి, "నీడ అంటివి, ఎండలో పెట్టినావే!" అన్నాడు.

సుంకమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. దాచిపెట్టే మనిషి కాదు. "నాయనా, కాగుతాంది గదా అని నీళ్లు పోస్తి. పగిలింది. ఒక తావున కాదు. సూడు."

దామోదరం ఈల ఆగిపోయింది. గబగబా వచ్చి వంగాడు. సుంకమ్మ చూపుడువేలు పెట్టి చూపించింది. "ఇదో, ఇదో, ఇదో… ఇట్ల కిందిదాకా."

దామోదరం ఆ వేలునూ ఆ పొరలనూ మార్చి మార్చి చూశాడు. తరువాత నడుము పట్టుకొని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"అక్కా, అవి పుట్టుకతోనే ఉండాయి! గాలి తగిలి సల్లబడేకి కంపెనీవాళ్లు అట్ల పొరలు పొరలుగా సేస్తారు. పగలలేదు, ఏం కాలేదు!"

సుంకమ్మ గంగమ్మ వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "ఉల్లిగడ్డ అంట, ఉల్లిగడ్డ!"

అక్కడితో అయిపోయిందనుకున్నారు. దామోదరం నల్లద్దాలు పెట్టుకొని, ఎక్కి కూర్చొని, కిక్కు కొట్టాడు. ఫట్‌ఫటి 'గుస్సు' అని ఊరుకుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ గుస్సు. అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఏదో ఊడదీసి పంచె చెంగుతో తుడిచి బిగించాడు. కొట్టి కొట్టి కాలు నొప్పి పుట్టింది గాని దానికి ప్రాణం రాలేదు. నవ్వు పోయి మొహం ముడుచుకుంది.

"నీళ్లు లోపలికి పోయినాయి. పొద్దు గూకేలోగా నేను ఎమ్మిగనూరు సేరాల. దీనికి లైటు కూడా సరిగ్గా లేదు. మా మామ సెప్పనే సెప్పినాడు, ఆడమనిషి సేతిలో స్టాండు పెడితే ఇట్లనే ఉంటాదని!"

సుంకమ్మ తల దించుకోలేదు.

"నన్ను అను నాయనా, పడతా. నీళ్లు పోసింది నేనే. ఆడమనిషి అని మాత్రం అనద్దు. అన్నీ ఇయ్యి, రెండణాలు ఊరికే పోకూడదని సెప్పింది నువ్వే. మా ఆయన ఉన్నా ఇదే కడవతో ఇట్లనే పోసుండు."

అప్పుడు పెద్దయ్య, బోరాలు మురుగులో పోగొట్టుకున్న పెద్దయ్యే, తలగుడ్డ విప్పి నడుముకు బిగించాడు.

"మాటలు సాలుగాని, పట్టండప్పా. రేగడిలో దిగబడిన బండిని ఎవరిదని అడిగి లేపుతామా? నువ్వు ఎక్కి కూర్చో సెట్టీ. మేము తోస్తాము."

చెట్ల కింద ఉన్న రైతులు ఒక్కొక్కరే లేచారు. వెనక ఇద్దరు, పక్కల ఇద్దరు, ముందు సుంకమ్మ చేతులూపి దారి చేస్తూ. "హైలెస్సా" అంటూ ఫట్‌ఫటిని గేటు దాటించి మార్కెట్టు వీధిలోకి తోశారు. చక్రాలు దొర్లాయి, దొర్లాయి, పరుగందుకున్నాయి. అంగళ్లలో శెట్లు కాటాలు వదిలేసి బయటికి వచ్చి చూశారు. మునిసిపాలిటీ జవాను లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏయ్! ఈ వీధిలో మోటారు సైకిలు నిలపకూడదని తెల్దా?"

"యాడ నిలిపినాము సామీ? తోస్తాండాము!" అని అరిచాడు పెద్దయ్య.

జవాను లాఠీ కిందికి దించి ఆ సంగతి ఆలోచించుకుంటుండగానే ఫట్‌ఫటి ఒకసారి దగ్గింది. నల్లటి పొగ పెద్దయ్య మొహాన కొట్టింది. రెండోసారి దగ్గింది. తరువాత ఫట్‌ఫట్‌ఫట్‌మని పత్తి మార్కెట్టు అదిరిపోయేలా మోగింది. తోసేవాళ్ల చేతుల్లోంచి జారి ముందుకు దూకింది. ఆ మోత అంటేనే తిట్టుకునే రైతులు, అది వినబడగానే పెళ్లి మేళం విన్నట్టు కేకలేశారు.

సుంకమ్మ వీధి మధ్యలో చేతులు జోడించి నిలబడింది. ఎవరికి దండం పెడుతోందో ఆమెకే తెలీదు, ఈరన్నకో, పెద్దయ్యకో, ఫట్‌ఫటికో.

దామోదరం వీధి చివరిదాకా పోయి తిరుక్కొని వచ్చాడు. ఆపితే మళ్లీ స్టార్టు కాదేమో అని భయం, నిలిపితే జవాను పక్కనే ఉన్నాడు. అందుకని ఆమె చుట్టూ గుండ్రంగా తిప్పుతూనే కేకేశాడు.

"సుంకమ్మక్కా! అన్నమాట తప్పయింది, మనసులో పెట్టుకోవాకు! బేస్తవారం మళ్లా వస్తా. నీడ సాలు తల్లీ, నీళ్లొద్దు!"

"పైలంగా పో నాయనా! ఊరు సేరినాక ఎవరితోనన్నా సెప్పి పంపు!"

దుమ్ము లేచింది, మోత దూరమైంది. సుంకమ్మ స్టాండులోకి వచ్చి గోనెపట్టా మీద కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆకలి. మూట విప్పి, అట్టలా ఎండిన జొన్నరొట్టెను సగం విరిచి పెద్దయ్యకు ఇచ్చింది. మొహమంతా మసి పూసుకున్న పెద్దయ్య దాన్ని నములుతుంటే గంగమ్మ పడీ పడీ నవ్వింది. ఇంతకూ కట్టేసిన ఎద్దుల్లో ఒక్కటి కూడా బెదరలేదు. ఈ మనుషుల కంటే ఫట్‌ఫటే నయమనుకున్నాయో ఏమో, కళ్లు మూసుకొని నెమరేసుకుంటున్నాయి.

"ఇంతకూ మీ సిన్నకోడలికి నెల ఎన్నోదప్పా?" అంది సుంకమ్మ.

"హమ్మయ్య," అన్నాడు పెద్దయ్య. "నువ్వు బాగయినావు."

మరునాడు ఎమ్మిగనూరు నుంచి వచ్చిన మొదటి బండివాడు, శెట్టి దీపాలవేళకే ఇల్లు చేరాడని చెప్పాడు. ఆ కబురుకు సుంకమ్మ వాని ఎద్దులకు ఒక్కో బెల్లపుముక్క పెట్టింది.

నెల తిరిగేసరికి వేలం వచ్చింది. సుంకమ్మ నెత్తిన కొంగు కప్పుకొని పోయింది. ముందురాత్రంతా ఆమెకు నిద్ర లేదు. లక్ష్మీనరసయ్య వచ్చాడు గాని, వెనక బెంచీ మీద తమలపాకులు నములుతూ కూర్చున్నాడే తప్ప నోరు విప్పలేదు. పాట సుంకమ్మ పేరు మీదే కొట్టేశారు. బయటికి వచ్చాక ఆమె ఉండబట్టలేక పోయి ఆయననే అడిగింది.

"ఏం సావుకారూ, పాట పాడతావని ఊరంతా అనిరే?"

లక్ష్మీనరసయ్య ఉమ్ము ఊసి, కొంచెం చిరాగ్గానే చెప్పాడు. "మా అల్లుడు పాడనియ్యలేదమ్మా. మామా, నువ్వు ఆశీలయితే వసూలు సేస్తావు, నీళ్లు ఎవరు పోస్తారు అన్నాడు."

సుంకమ్మ స్టాండుకు వచ్చి, కొత్త కుండ ఒకటి కొని, చల్లటి నీళ్లు నింపి వేపచెట్టు మొదట్లో పెట్టింది. ఆ తరువాతి బేస్తవారం దామోదరం గేటు దగ్గర మోత ఆపి, అడగకుండానే దిగి, లోపలికి తోసుకొచ్చాడు. కుండనూ సుంకమ్మ చేతిలో చెంబునూ చూసి, ఫట్‌ఫటికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు.

"అక్కా, వొద్దు!"

"నీళ్లు నీకప్పా, దానికి కాదు," అని సుంకమ్మ ఆ చాపిన చేతుల్లో చెంబు పెట్టింది. "మొహం కడుక్కో. దుమ్ములో ఎవరో కూడా గుర్తు పట్టేకి రాలేదు."